అడిగితేనే బిల్లు!

ఫ్రాన్స్‌లో రెస్టారెంట్ గడప తొక్కే ముందు తెలుసుకోవాల్సిన మర్యాదలు, హక్కులు, రుచులు

2010 నవంబరులో నైరోబీలో జరిగిన సమావేశంలో యునెస్కో ఫ్రెంచివారి విందు భోజనాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గౌరవం ఏ ఒక్క వంటకానికో దక్కలేదు. నలుగురూ కలిసి కూర్చోవడం, బల్లను పద్ధతిగా సర్దడం, వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా రావడం, తింటూ ఆ తిండి గురించే ముచ్చటించుకోవడం... ఈ మొత్తం సంప్రదాయానికి దక్కింది. ఫ్రాన్స్ వెళ్లే తెలుగువారు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, అక్కడి రెస్టారెంట్లలో ఎదురయ్యే చిక్కుముళ్లు సగం వాటంతటవే వీడిపోతాయి.

చదువుకో, ఉద్యోగానికో, విహారానికో వెళ్లొచ్చినవారి నోట తరచూ వినిపించే ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. వెయిటర్ మొహం చాటేశాడు. మూడింటికి వెళ్తే వంటగది మూసేశామన్నారు. తినేసి ఎంతసేపు కూర్చున్నా బిల్లు తేలేదు. ఇవన్నీ నిజంగా జరిగేవే. అయితే వాటిని అవమానంగా తీసుకోనక్కర్లేదు. మన ఇళ్లలో కొసరి కొసరి వడ్డించడం మర్యాద. ‘ఇంకొంచెం వేసుకోండి’ అని పదేపదే అనకపోతే ఆదరణ లేదని నొచ్చుకుంటాం. తింటున్నవారిని కదిలించకుండా, వాళ్ల కబుర్లకు అడ్డు రాకుండా ఉండటం ఫ్రాన్స్‌లో మర్యాద. పద్ధతులు వేరు. రెండింటి వెనకా ఉన్నది భోజనం మీద గౌరవమే.

పలకరింపుతోనే మొదలు

లోపలికి అడుగుపెట్టగానే ముందు అనాల్సిన మాట ‘బోన్‌జూర్’. సాయంత్రమైతే ‘బోన్‌స్వార్’. టేబుల్ ఖాళీగా ఉందా, ఇంగ్లిష్ వచ్చా అని అడగడం ఆ తర్వాతే. పలకరించకుండా నేరుగా పనిలోకి దిగితే అక్కడివారికి అది మొరటుతనం. కాయగూరల కొట్లోనైనా, బస్సు ఎక్కేటప్పుడైనా ఇదే రివాజు. వెయిటర్ ముభావంగా ఉన్నాడనిపించిన చాలా సందర్భాల్లో ఈ ఒక్క పలకరింపే లోపించి ఉంటుంది.

పలకరించాక ఎంతమంది ఉన్నారో చెప్పి, వాళ్లు చూపించిన చోట కూర్చోవాలి. కెఫేల్లో, ముఖ్యంగా వీధిలోకి పరిచిన కుర్చీల్లో, మనంతట మనం కూర్చోవచ్చు. ఇక్కడ ఒక గుర్తు ఉంది. కత్తులు, ఫోర్కులు, గ్లాసులు సర్ది ఉన్న బల్లలు భోజనం చేసేవారికి. కాఫీ ఒక్కటే తాగాలనుకుంటే ఏమీ సర్దని బల్ల చూసుకోవాలి.

వెయిటర్‌ను చిటికె వేసి పిలవకూడదు. పాత సినిమాల్లో వినిపించే ‘గార్సోన్’ అన్న పిలుపు ఇప్పుడు అగౌరవంగా ధ్వనిస్తుంది. అతని చూపు కలిసేదాకా ఆగి, చెయ్యి కొద్దిగా ఎత్తి, ‘సిల్ వూ ప్లే’ (దయచేసి) అంటే చాలు. అక్కడ వడ్డన చదివి నేర్చుకునే వృత్తి. హోటల్ స్కూళ్లలో శిక్షణ పొంది, జీవితాంతం ఇదే పనిలో గౌరవంగా కొనసాగేవారున్నారు. పారిస్‌లో 1914లో మొదలైన వెయిటర్ల నడక పోటీ కొన్నేళ్లు ఆగిపోయి 2024 మార్చిలో మళ్లీ జరిగింది. కాఫీ కప్పు, క్రోసాన్, నిండు నీళ్ల గ్లాసు ఉన్న పళ్లేన్ని ఒంటి చేత్తో పట్టుకుని, తొణక్కుండా 2 కిలోమీటర్లు నడవాలి. పరుగెత్తకూడదు. ఆ పని మీద ఊరికి ఎంత మమకారమో ఆ పోటీయే చెబుతుంది.

వంటగదికీ విశ్రాంతి ఉంది

మధ్యాహ్న భోజనం 12 నుంచి 2 గంటల వరకు. రాత్రి భోజనం 7 లేదా 7.30 నుంచి. మధ్యలో చాలా రెస్టారెంట్లు పొయ్యి ఆర్పేస్తాయి. మ్యూజియం చూసి, ఫొటోలు దిగి, మూడున్నరకు ఆకలితో వెళ్తే తలుపు మూసి ఉంటుంది. అది వంటవాళ్లు తిని, నడుం వాల్చి, రాత్రి వంటకు సిద్ధమయ్యే సమయం.

వేళ తప్పినవారికీ దారులున్నాయి. ‘సెర్విస్ కోంతిన్యూ’, అంటే వడ్డన ఆగదు అన్న బోర్డు ఉన్న బ్రాసరీలు పొద్దంతా వండుతాయి. వీధి మూలన బేకరీలో సాండ్‌విచ్, కెఫేలో ఆమ్లెట్ దొరుకుతాయి. రాత్రి తొమ్మిదికి తినే మన అలవాటు పారిస్‌లో సాగుతుంది కానీ, చిన్న ఊళ్లలో ఆ వేళకు వంటగది కట్టేస్తారు. ఆది, సోమవారాల్లో సెలవు పాటించేవి ఎక్కువ. ఆగస్టులో వారాల తరబడి మూసేసి సెలవులకు వెళ్లిపోయే యజమానులూ ఉన్నారు. కాబట్టి మనసుపడ్డ చోటు ఏదైనా ఉంటే ముందుగా బుక్ చేసుకోవడం మంచిది.

ఏది ముందు, ఏది వెనక

చేతికిచ్చే పట్టికను అక్కడ ‘కార్ట్’ అంటారు. ‘మెన్యూ’ అంటే నిర్ణీత ధరకు రెండు మూడు వరుసలు కలిపి ఇచ్చే భోజనం. మెన్యూ కావాలని అడిగి, ఆ నిర్ణీత భోజనం తప్ప వేరే ఏమీ లేదేమో అనుకునే ప్రయాణికులు ఎందరో. ‘ఆంత్రే’ అంటే మొదట తినేది, ‘ప్లా’ అంటే అసలు వంటకం, చివర ‘డెసెర్’. అమెరికాలో ఉండొచ్చినవారు మరింత జాగ్రత్తపడాలి. అక్కడ ఆంత్రే అంటే ప్రధాన వంటకం.

ఇలా ఒక్కొక్కటిగా వడ్డించడం ఫ్రాన్స్‌లోనూ మొదటి నుంచీ లేదు. ఒకప్పుడు ప్రభువుల విందుల్లో వంటకాలన్నీ ఒకేసారి బల్ల నిండా పరిచేవారు. రష్యన్ పద్ధతి అని పేరున్న వరుస వడ్డన 19వ శతాబ్దంలో వ్యాపించింది. పెద్ద విందుకు ఆ పద్ధతే ఇప్పటికీ వెన్నెముక. జున్ను వడ్డిస్తే అది ప్రధాన వంటకం తర్వాత, తీపికి ముందు వస్తుంది. కాఫీ అన్నిటికన్నా చివర, తీపి తిన్నాక. కాఫీ అంటే చిన్న కప్పులో పాలు లేని ఎస్ప్రెసో. పాల కాఫీ పొద్దుటి పానీయం.

జేబు చూసుకుని తినేవారికి మధ్యాహ్నమే అదను. రాత్రి ఖరీదైన చోట్ల కూడా మధ్యాహ్నం ‘ఫోర్మూల్’ పేరుతో రెండు వరుసలు తక్కువ ధరకు దొరుకుతాయి. పలక మీద సుద్దముక్కతో రాసిన ‘ప్లా దు జూర్’, అంటే ఆ రోజు వంటకం, సాధారణంగా తాజా సరుకుతో చేసినదే అయి ఉంటుంది.

ఎవరికి కావాల్సింది వాళ్లు తెప్పించుకోవడం అక్కడి ఆనవాయితీ. అన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకునే మన కుటుంబాలు ముందే ఆ మాట చెప్పి అదనపు పళ్లేలు అడిగితే సరిపోతుంది. బల్ల దగ్గర చేతులు ఒళ్లో దాచుకోకుండా, మణికట్లు బల్ల అంచున ఆనించి ఉంచుతారు. రొట్టె ముక్కకు మామూలు చోట్ల వేరే పళ్లెం ఉండదు. నేరుగా బల్లగుడ్డ మీదే పెట్టుకుంటారు, కొరక్కుండా తుంచుకుని తింటారు. కత్తి, ఫోర్కు పళ్లెంలో పక్కపక్కన పెడితే తినడం అయిపోయిందని సంకేతం. విడివిడిగా ఉంటే పళ్లెం ముట్టుకోరు.

చట్టం మీ పక్షమే

కొత్త ప్రయాణికులు తెలియక చేసే ఖర్చు నీళ్లతో మొదలవుతుంది. వెయిటర్ సీసా నీళ్లు మామూలువా, గ్యాస్ కలిపినవా అని అడుగుతాడు. రెండింటికీ డబ్బు కట్టాలి. ‘ఉన్ కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు కూజాలో పోసి ఉచితంగా తెస్తారు. పారిస్ కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. 2020లో వచ్చిన వ్యర్థాల నియంత్రణ చట్టం ఈ హక్కును మరింత గట్టిపరిచింది. తాగునీరు ఉచితంగా అడగవచ్చని రెస్టారెంట్లు స్పష్టంగా రాసిపెట్టాలి. భోజనంతో ఇచ్చే రొట్టెకూ డబ్బు తీసుకోరు.

ధరల పట్టిక తలుపు బయటే కనిపించాలి. గడప దాటకముందే నిదానంగా చదువుకుని, నచ్చకపోతే పక్కకు నడవొచ్చు. కెఫేల్లో కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే మరో ధర ఉండవచ్చు. వీధిలోకి చూసే కుర్చీకి మనం చెల్లించేది చోటు ఖరీదు కూడా.

టిప్పు విషయంలో మనవాళ్లు పడే తికమక అంతా ఇంతా కాదు. 1987 నాటి ఉత్తర్వు ప్రకారం పట్టికలో రాసిన ధరలోనే పన్నులు, సర్వీసు రుసుము కలిసి ఉండాలి. బిల్లు మీద కనిపించే ‘సెర్విస్ కోంప్రి’ మాటకు అర్థం అదే. సర్వీసు వాటా సాధారణంగా 15 శాతం. ఆపైన ఏమీ ఇవ్వకపోయినా తప్పు లేదు. వడ్డన నచ్చితే కొన్ని నాణేలు వదలొచ్చు. పర్యాటకులు ఎక్కువగా తిరిగే చోట కార్డు మిషన్ తెర మీద టిప్పు శాతాలు చూపిస్తుంటే మొహమాటపడకుండా వద్దనొచ్చు.

మిగిలినది ఇంటికి తీసుకెళ్లడం ఒకప్పుడు అక్కడ నామోషీ. 2021 జులై నుంచి, అడిగినవారికి రెస్టారెంటు డబ్బా ఇచ్చి తీరాలి. పట్టికలో గిన్నె మీద ఇంటి కప్పు ఆకారంలో చిన్న బొమ్మ కనిపిస్తే ఆ వంటకం అక్కడే పచ్చి సరుకుతో వండిందని అర్థం. ఇది 2014లో వచ్చిన గుర్తు. వేరుశనగ, పాలు, గుడ్డు వంటి 14 అలర్జీ పదార్థాల వివరాలు రాతపూర్వకంగా చూపించడమూ తప్పనిసరి.

బల్లగుడ్డ మీద బిల్లు

పారిస్‌లో ఫోబూర్ మోంమార్త్ర్ వీధిలో 1896 నుంచి నడుస్తున్న ‘బూయోన్ షార్తియే’ ఉంది. కూలినాలి చేసుకునేవారికి తక్కువ ధరకు వేడివేడి భోజనం పెట్టడానికి పుట్టిన భోజనశాలల్లో ఇదొకటి. ఎత్తైన కప్పు, పెద్ద పెద్ద అద్దాలు, కుర్చీల మీదుగా ఇత్తడి అరలు. రోజూ వచ్చేవారు తమ చేతిరుమాలు దాచుకునే చిన్న చిన్న చెక్క సొరుగులు, వాటి మీద అంకెలు ఇప్పటికీ గోడకు ఉన్నాయి. వరుసలో నిలబడితే ఎవరో తెలియనివారి పక్కనే చోటిస్తారు. తెల్ల ఏప్రన్, నల్ల వెయిస్ట్‌కోటు వేసుకున్న వెయిటర్ మీరు చెప్పినదాన్ని బల్ల మీది కాగితం గుడ్డ మీదే పెన్నుతో గీకుతాడు. తిన్నాక అక్కడే కూడిక వేసి మొత్తం చూపిస్తాడు. లెక్క మీ కళ్లముందే.

అక్కడ రద్దీ ఎక్కువ కాబట్టి పని చకచకా సాగుతుంది. మిగతా చాలాచోట్ల ఆ కూడిక మీరు అడిగేదాకా జరగదు. అడగకుండా బిల్లు తెచ్చి పెట్టడమంటే అతిథిని లేచి వెళ్లమన్నట్టు. రాత్రికి ఆ బల్ల మీ సొంతం. ఈ మధ్య కొన్ని చోట్ల ఏడింటికో జట్టు, తొమ్మిదింటికో జట్టు అని రెండు విడతలు పెడుతున్నారు. అలాంటిదైతే బుకింగ్ సమయంలోనే చెబుతారు. లేదంటే మీ మాటలు అయ్యేదాకా ఎవరూ కదపరు. బయల్దేరాలనుకున్నప్పుడు ‘లాడిసియోన్, సిల్ వూ ప్లే’, అంటే దయచేసి బిల్లు ఇవ్వండి అనాలి. రైలు ఉంటే కాఫీతో పాటే బిల్లు అడగడం తెలివైన పని.

మాంసం ముట్టనివారికి

శాకాహారులకు ఫ్రాన్స్ కష్టమన్న మాటలో నిజం ఉంది, అయితే దారులు మూసుకుపోలేదు. ‘వెజిటేరియన్’ అంటే చేపలు తింటారేమో అనుకునేవారు ఇంకా ఉన్నారు. కాబట్టి ‘జ న మాంజ్ ని వియాండ్ ని పువాసోన్’, అంటే మాంసం, చేప రెండూ తినను అని విడమరిచి చెప్పాలి. ఉల్లిపాయ సూపులో ఎక్కువగా గొడ్డుమాంసపు రసం ఉంటుంది. కీష్ లొరేన్‌లో పంది మాంసపు ముక్కలు, నీస్ సలాడ్‌లో చేప ఉంటాయి. ఉత్తర ఫ్రాన్స్‌లో బంగాళదుంప వేపుళ్లను గొడ్డు కొవ్వులో వేయించే చోట్లున్నాయి. కొన్ని తీపి వంటకాల్లో జెలటిన్ కలుస్తుంది. రోక్‌ఫోర్, కోంతే వంటి పేరున్న జున్నుల తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన తోడు వాడతారు. నిష్ఠగా ఉండేవారికి ఇవి తెలిసి ఉండాలి.

మాంసం తినేవారూ ‘బఫ్’ అంటే గొడ్డుమాంసం, ‘పోర్’ అంటే పంది అని గుర్తుంచుకోవాలి. ‘తార్తార్’ పచ్చి మాంసంతో చేసేది. మాంసం ఎంత ఉడకాలో అడిగితే, మనవారి నోటికి నచ్చేది ‘బియాన్ క్వి’, అంటే బాగా కాలినది. ‘సెన్యాన్’ అంటే లోపల నెత్తురు రంగు పోనిది.

తినదగినవి వెతికితే చాలానే ఉన్నాయి. దక్షిణాన నీస్ నగరంలో ‘సొక్కా’ ఉంది. శనగపిండిలో నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి, బండి చక్రమంత గుండ్రని రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు మాడి, మధ్య మెత్తగా ఉన్నప్పుడు గరిటెతో గీరి, మిరియాల పొడి చల్లి చేతికిస్తారు. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు లేవు. బ్రిటనీ ప్రాంతపు గాలెట్లు కుట్టు (బక్‌వీట్) పిండితో వేసిన అట్లు. పంది మాంసం తీసేసి గుడ్డు, జున్నుతో అడిగితే ఇబ్బంది లేకుండా వేస్తారు. వంకాయ, టొమాటో, క్యాప్సికంతో చేసే రతతూయ్, క్రీమ్‌లో బంగాళదుంపలు ఉడికించిన గ్రాతాన్ దోఫినువా ఉన్నాయి. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షాపెల్ ప్రాంతంలో శ్రీలంక తమిళుల హోటళ్లలో దోసె, ఇడ్లీ దొరుకుతాయి.

ఇంటికి దూరంగా ఉన్నప్పుడు ఆ దోసె ప్రాణం లేచివచ్చేలా చేస్తుంది. కానీ ఫ్రాన్స్ దాకా వెళ్లి ప్రతి పూటా దానితోనే గడిపేయడం బాధాకరం. అక్కడి వంట కూడా మారుతోంది. మిషెలిన్ మూడు నక్షత్రాలున్న ‘లార్పేజ్’ యజమాని అలేన్ పస్సార్ 2001లోనే ఎర్రమాంసం పక్కన పెట్టి కూరగాయలను వంటకు కేంద్రంగా చేశాడు. 2025లో తేనె తప్ప జంతువుల నుంచి వచ్చే పదార్థాలేవీ లేని వంటకు మళ్లాడు. అంతటి ఖరీదు అందరికీ అందదు. ఆ మార్పు గాలి మాత్రం చిన్న బిస్ట్రోల పలకల దాకా వచ్చింది.

టూర్ ప్యాకేజీల్లో భోజనానికి అరగంట కేటాయించి, మిగతా రోజంతా కట్టడాల చుట్టూ తిప్పుతారు. అలా చూస్తే ఈఫిల్ టవర్ కనిపిస్తుంది గానీ, దాని నీడలో మనుషులు ఎలా బతుకుతున్నారో తెలియదు. యునెస్కో జాబితాకెక్కిన ఆ వారసత్వాన్ని చూడటానికి టికెట్టు అక్కర్లేదు. ఒక్క పూట కేటాయించండి. రెండు గంటలు ఖాళీ ఉంచుకోండి. తెలియని వంటకం ఒక్కటైనా తెప్పించుకోండి. ఫోన్ పక్కన పెట్టి, ఎదురుగా ఉన్నవారితో మాట్లాడండి. ఫ్రెంచివారు కాపాడుకుంటూ వస్తున్నది ఆ రెండు గంటల్నే. అతిథిగా వెళ్లిన మనకు అందులో పూర్తి వాటా ఉంది.