విమాన ప్రయాణికుల హక్కులు

విమానయానం ఒకనాడు సంపన్నులకే పరిమితం. నేడు ప్రవేశ పరీక్షలకూ, ఉద్యోగపు ఇంటర్వ్యూలకూ విద్యార్థులు సైతం విమానమెక్కుతున్నారు. వారికి ఆలస్యమంటే కేవలం విసుగు కాదు, చేజారే అవకాశం.

ఒకే విమానం ఒక్క రోజులో పలు నగరాల మధ్య తిరుగుతుంది. ఉదయం హైదరాబాదులో జరిగిన జాప్యం, సాయంత్రం అదే విమానానికై విశాఖపట్నంలో నిరీక్షించేవారినీ బాధించవచ్చు. అందుచేత తొలివేళ బయలుదేరే విమానాలకు సాధారణంగా ఆలస్యభయం తక్కువ. అయితే డిసెంబరు, జనవరి మాసాలలో ఢిల్లీని వేకువనే పొగమంచు కమ్ముకొంటుంది. అప్పుడు ఈ సూత్రం వర్తించదు.

ప్రయాణికుల రక్షణకై పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2010లో నిబంధనలను జారీచేసి, తరువాత సవరించింది. వాటి ప్రకారం, రెండున్నర గంటలలోపు ప్రయాణానికి విమానం రెండు గంటలు ఆలస్యమైతే, సకాలంలో చెక్-ఇన్ అయినవారికి ఆహార సదుపాయం కల్పించాలి. దేశీయ విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే ప్రత్యామ్నాయ విమానాన్ని గాని, పూర్తి ఛార్జీని గాని కోరవచ్చు.

పొగమంచు, తుపాను వంటి అనివార్య కారణాలు ఏర్పడినప్పుడు భోజన వసతుల నుండి, నష్టపరిహారం నుండి సంస్థలకు మినహాయింపు ఉంది. కనుక ఆలస్యానికి కారణమేమిటో అడిగి తెలుసుకోవడం, టికెట్టును భద్రపరచుకోవడం ప్రయాణికుని కర్తవ్యం. తెలియని హక్కు లేని హక్కుతో సమానం.