విదేశములలో పనికి పోవువారు తెలిసికొనవలసినది

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పనికై పోదలచువారు మొదట గ్రహింపవలసిన విషయమొకటి కలదు. అచ్చటి తాత్కాలిక ఉద్యోగానుమతిని సాధారణముగా సంపాదించి యిచ్చువాడు యజమానియే. సందర్శకుల వీసాపై పోయి పని వెదకుకొందమనుట ప్రమాదము. అట్టివానికి చట్టము అండ నిలువదు.

పదవ తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టు సాధారణముగా ఇ.సి.ఆర్. తరగతికి చెందును. వారు సౌదీ అరేబియా, కువైటు మొదలగు దేశములకు పనికి పోవలెనన్నచో, 1983 నాటి వలస చట్టము ననుసరించి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అను అధికారి అనుమతి పొందవలెను. మనకు సమీపమున నున్న కార్యాలయము చెన్నైలోనిది. దరఖాస్తు ఇ-మైగ్రేట్ ద్వారా జరుగును. జీతము, పనిగంటలు, వసతి స్పష్టముగా లేని ఒడంబడికపై సంతకము చేయరాదు. రిజిస్టరు కాబడిన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసికొనవచ్చును. రశీదు తప్పక అడుగవలెను.

పదవ తరగతి ధ్రువపత్రము చూపి ఇ.సి.ఆర్. లేని పాస్‌పోర్టు పొందినవారికి ఈ అనుమతితో పనిలేదు. అయితే మన యిండ్లలో ఒకచోట ఇంటిపేరు, మరొకచోట తండ్రిపేరు మొదటి అక్షరము వ్రాయు అలవాటు కలదు. పేరు అన్ని పత్రములలో ఒక్కతీరుగా నున్నదేమో పరీక్షకు ముందే బడిలో సరిచూచుకొనుడని తల్లిదండ్రులను కోరుచున్నాము. ఇంటి యిబ్బందులెట్లున్నను, పదవ తరగతి ముగియక బిడ్డను బడి మాన్పింపకుడు.