ఉప్పునీటి తొట్టికి ఒక ఆశ్రయము

ఇంటిలో మంచినీటి చేపలను పెంచువారు మన పట్టణములలో అనేకులు కలరు. సముద్రపు చేపలను పెంచువారు మాత్రము కొద్దిమందియే. ఖరీదు ఒక కారణము. అంతకంటె పెద్ద కారణము మాలిన్యము. సముద్రములో చేప విసర్జించినది అపారమైన జలరాశిలో కలిసిపోవును. రెండువందల లీటర్ల గాజుతొట్టిలో అది ఎక్కడికి పోవును?

ఎక్కడికిని పోదు. విసర్జనమునుండియు, తినక మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది విషము. రాళ్ళమీదను ఇసుకలోను నివసించు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. నైట్రేటు అంత విషము కాకపోయినను నానాటికి పేరుకొనుచుండును. దానికి ఫాస్ఫేటు తోడైనచో గాజునిండ పాచి పట్టును. అప్పుడప్పుడు కొంత నీటిని తీసి క్రొత్తనీరు పోయుట పాత పద్ధతి, దానిని మానరాదు. అయితే ఆ పాచి జాతినే మనము కోరినచోట పెంచి, పెరిగినదానిని కోసి తీసివేసినచో, అది పీల్చుకొనిన మాలిన్యము కూడ దానితో వెలుపలికి వచ్చును గదా! అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ అను శాస్త్రజ్ఞుడు 1980 ప్రాంతమున ఈ సూత్రముతోనే నీటిని శుభ్రపరచు సాధనమును రూపొందించెను.

పెద్దతొట్టి నీరే ప్రవహించునట్టి, చేపలు మాత్రము చొరలేనట్టి మరియొక చిన్నతొట్టిని రెఫ్యూజియము అందురు. లాటిను భాషలో ఆ మాటకు ఆశ్రయమని అర్థము. అచట నాచు నిర్భయముగ పెరుగును. నాచు నడుమ కంటికి ఆనీ ఆనని కోపెపాడులు మొదలగు జీవులు పిల్లలు పెట్టి, ప్రవాహముతోబాటు పెద్దతొట్టిలోనికి మేతగా పోవును. మాండరిన్ అను రంగురంగుల చేప ఇట్టి సజీవాహారమునే దినమంతయు ఏరుకొని తినును. ఆశ్రయము లేని పరిశుభ్రమైన తొట్టిలో అది తరచుగా కృశించి చచ్చును.

చిన్నతొట్టి ఎంత పెద్దదైన అంత మేలు. సాధారణముగ దీనిని పెద్దతొట్టి క్రింది బల్ల అరలో ఉంచెదరు. చెరువునకు వలెనే పెద్దతొట్టికిని ఒక అలుగు కావలయును. అలుగుమీదుగా పొర్లిన నీరు గొట్టముగుండ క్రిందికి దిగి, నాచుగదిని దాటి, పంపుగదిని చేరును. పంపు దానిని మరల పైకెక్కించును.

పంపు నడచుచున్నంతసేపు ఎట్టి నిర్మాణమైనను చక్కగనే కనబడును. కరెంటు పోయినపుడే దాని గుణము బయటపడును. తిరుగుగొట్టపు మూతి పైతొట్టి నీటిలో మునిగియున్నచో, పంపు ఆగినంతనే నీరు ఎదురు నడచి, మూతికి గాలి తగులువరకు క్రిందికి జారుచునే యుండును. తొట్టి పొడవు 120, వెడల్పు 45 సెంటీమీటర్లు అనుకొందము. ఒక్క సెంటీమీటరు మందము నీరు 5.4 లీటర్లు. మూతి 5 సెంటీమీటర్ల లోతున ఉన్నచో 27 లీటర్లు దిగును. గొట్టములలోని నీరును, అలుగుపై నుండు పలుచని పొరయు దీనికి అదనము. క్రింద అంత ఖాళీ లేనిచో సముద్రము గదిలోనికి వచ్చినట్లే! మూతిని నీటిమట్టమునకు దగ్గరగా అమర్చవలయును. మట్టమునకు కొంచెము దిగువగా గొట్టమునకు చిన్న రంధ్రము చేసినచో గాలి చొరబడి ప్రవాహము తెగును. రంధ్రమునకు ఉప్పు పట్టవచ్చును, నత్త అడ్డుపడవచ్చును. కావున రంధ్రమును నమ్మి ఖాళీని తగ్గింపరాదు. అమర్చిన దినముననే పంపును ఆపి చూచుట మంచిది.

మన వేసవిలో నీరు త్వరగా ఆవిరియగును. ఆ తరుగు పంపుగదిలోనే కనబడును. ఆవిరియగునది నీరు మాత్రమే, ఉప్పు కాదు; కావున తరుగును శుద్ధమైన మంచినీటితోనే పూరింపవలయును.

నాచుగదిలో దీపమును రాత్రివేళ వెలిగించుట ఉత్తమము. పెద్దతొట్టి చీకటిలో ఉన్నపుడు అందలి ప్రాణులు విడుచు బొగ్గుపులుసు గాలివలన నీటి క్షారగుణము తగ్గును. ఆ వాయువును వెలుగులోనున్న నాచు గ్రహించి తగ్గుదలను నిలుపును.

మన దేశమున పగడములకు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద రక్షణ కల్పించిరి. కావున అడుగున పగడపురాయి పరచుమను విదేశీ గ్రంథముల సలహా మనకు పనికిరాదు. సన్నని రంధ్రములు గల పింగాణీ ముక్కలు చాలును.

ఇక నాచు ఎంపిక. చిక్కుపడిన పచ్చని దారపుండవలె నుండు కీటోమార్ఫా వేళ్ళూనదు. పిడికెడు త్రుంచి తీయుట సులువు. కాలెర్పా చూపునకు అందమైనదే గాని, ఒక్కొక్కపుడు రాత్రికి రాత్రి బీజకణములను విడిచి, తాను పాలిపోయి, తొట్టినంతటిని కలచివేయును. దానికి అంతకు మించిన అపకీర్తియు కలదు. 1984లో మొనాకోలోని సముద్ర మ్యూజియము దిగువ మధ్యధరా సముద్రమున కాలెర్పా టాక్సిఫోలియా చిన్న మడిగా కనబడినది. అది మ్యూజియపు తొట్లనుండియే జారినదని పలువురి నిర్ణయము. తునిగిన ప్రతి ముక్కయు క్రొత్త మొక్కయై, అది వేల హెక్టార్లకు వ్యాపించినది. 2000లో కాలిఫోర్నియా తీరమున బయటపడినపుడు అచటివారు వెంటనే పూనుకొని, 2006 నాటికి దానిని నిర్మూలించిరి.

అందుచేత కోసిన నాచును మురుగుకాలువలోగాని సముద్రములోగాని వేయరాదు. ఎండలో పెళపెళలాడునట్లు ఎండబెట్టి చెత్తబుట్టలో వేయవలయును. కోత మాత్రము క్రమము తప్పరాదు. కోయక విడిచిన నాచు కుళ్ళి, పీల్చుకొనినదానినెల్ల మరల నీటికే అప్పగించును.