“టేక్” అను నాంగ్లక్రియ - అర్థవిచారము

పాఠశాలలలో “టేక్” అను నాంగ్లక్రియకుఁ “తీసికొను” అని యొక్క యర్థము చెప్పి విడుచుట వాడుక. దానితోఁ బని తీఱదు. మందు పుచ్చుకొందుము, త్రోవ పట్టుదుము, స్నానము చేయుదుము, ఒట్టు పెట్టుకొందుము. పనికిఁ గాలము పట్టును. ఆంగ్లేయున కిన్నింటికిని “టేక్” ఒక్కటియే చాలును.

ఈ పద మాంగ్లమునకు సహజము కాదు. ప్రాచీనాంగ్లమున నీ యర్థమందు “నిమన్” అను ధాతువు కలదు. క్రీ. శ. 865లో డేనుల మహాసేన వచ్చి, పిమ్మట నుత్తరపూర్వభాగముల నిలిచినది. వారి “తక” యను క్రియ క్రమముగాఁ బాతదానిని ద్రోసిపుచ్చెను. జర్మనులకు “నేమెన్” నేఁటికిని నిలిచియున్నది. ఆంగ్లమున నిమన్ శేషము “నమ్” అను విశేషణము: స్పర్శజ్ఞానము హరింపఁబడిన దని దాని యవయవార్థము. కడపట వ్రాయఁబడు బకారము తరువాతఁ జేరినది, ఉచ్చారణమున లేదు.

పర్యాయములలో “రిసీవ్”, “ఆక్సెప్ట్”, “సీజ్” ముఖ్యములు. చేరవచ్చినదానిని బొందుట మొదటిది; సమ్మతించి గ్రహించుట రెండవది; బలిమిని లాగికొనుట మూఁడవది. దానద్రవ్యము ముట్టియుఁ బ్రతిగ్రహము కాకుండవచ్చును గదా! “టేక్” ఈ మూఁటినిఁ గడుపునఁ బెట్టుకొనియుండును.

వైయాకరణులకు ముచ్చట గొలుపునది వేఱొకటి. ఈ క్రియకు “ఆఫ్” చేరిన వస్త్రము విప్పుట, “ఇన్” చేరిన మోసగించుట, “ఆఫ్టర్” చేరినఁ దండ్రిపోలిక వచ్చుట. మన యుపసర్గముల పనియు నిదియే. ఇచ్చుట యర్థముగాఁగల దా ధాతువు ఆఙ్‌తోఁ గూడి పుచ్చుకొనుట యగును, ఆత్మనేపదమును బొందును. నోరు తెఱచుట యను నర్థమున మాత్రము పాణిని దానిని వారించెను. ఆంగ్లావ్యయము వెనుకఁ జేరునే యని యాక్షేపింపరాదు. ఛందస్సున నుపసర్గము ధాతువునకుఁ బరమందును, వ్యవహితముగను ఉండవచ్చునని పాణినియే యొప్పుకొనెను. “టేక్ యువర్ కోట్ ఆఫ్” అనుచో నడుమఁ గర్మపదము చొచ్చుటయు నట్టిదే.

తెలుఁగున నాత్మార్థమును బ్రాయికముగాఁ “కొను” తెలుపును. తీయుటకుఁ దీసికొనుటకు భేద మదియే. కనుకనే యితరుల ఛాయాచిత్రమును “తీయుదుము”, తీసికొనము. ఇట్లుండఁ బత్రికలలో “అధికారులు చర్య తీసికొనిరి” అని వ్రాయుచున్నారు. “టేక్ యాక్షన్” అనుదానికిది ముక్కస్య ముక్క. ఫలము పరులపైఁ బడుచుండఁ “కొను” ఏల? అంతకంటెఁ గీడు మఱొకటి: విచారించిరో, దండించిరో, పనినుండి తొలఁగించిరో యీ మాటవలనఁ దెలియదు. జరిగినపని మఱుఁగుపడుచున్నది.

ఇట్టి వాక్యము తెనిఁగించునప్పుడు బాలుఁడు ముందుగాఁ గర్మపదమును జూడవలెను. పరీక్షయైన వ్రాయు, సెలవైనఁ బెట్టు, జాగ్రత్తయైనఁ బడు. కర్మ “యాక్షన్” అయినచో, నేమి చేసిరని గురువు నడుగవలెను.