భవానీ ద్వీపము - చుట్టునున్న నిలకడ నీరు

విజయవాడలోని పున్నమి ఘాటునుండి బయలుదేరిన విహారనౌక కొలది నిమిషములలో భవానీ ద్వీపమును చేరును. పట్టణపు రొద వెనుకబడును. సుమారు 130 ఎకరముల నేల, దానిపై చెట్లు, చుట్టును కదలనట్లు కనుపించు నీరు. యంత్రమును ఆపి నీటిపై ఒక ఎండుటాకును వేసినచో అది ఎటు పోవుచున్నదో చెప్పుట కష్టము. సహ్యాద్రిలో పుట్టి వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుగెత్తి వచ్చిన కృష్ణ ఇచ్చట ఇంత నెమ్మదించుటకు కారణమేమి?

కారణము ద్వీపమునకు దిగువననే కలదు. 1855లో ముగిసిన పాత ఆనకట్టకు 1952లో గండిపడగా, దానికి బదులుగా కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమైనది. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. ఇవి మూసియున్నపుడు నీటిమట్టము 12 అడుగులు పైకి లేచి, నీరు డెల్టా కాలువలలోనికి ఎక్కును. అనగా ఈ ప్రశాంతత విహారులకొరకు ఏర్పడినది కాదు. వరిపొలముల కొరకు నిలిపిన నీటిపై వారు తేలిపోవుచున్నారు.

లెక్క సులభమైనదే. ప్రవాహపు పరిమాణమును నది అడ్డుకోత వైశాల్యముతో భాగించినచో వేగము వచ్చును. నది వెడల్పు 4,000 అడుగులు, సగటు లోతు 10 అడుగులు అనుకొన్నచో వైశాల్యము 40,000 చదరపు అడుగులు. సెకనుకు 10,000 ఘనపుటడుగుల నీరు వచ్చుచున్నచో వేగము సెకనుకు పావు అడుగు మాత్రమే. చీమల బారు నడకకన్న కొంచెము మేలు!

నెమ్మదించిన నీరు తాను మోయు ఇసుకను దించివేయును. కృష్ణాతీర వాసులు లంకలని పిలుచు దిబ్బలు ఇట్లు పుట్టినవే. ఇసుక మేట మొదట నీటి అడుగున పెరుగును. వేసవిలో బయటపడి, దానిపై గడ్డి మొలచును. గడ్డి తరువాతి వరదనీటి వేగమును తగ్గించి మరికొంత ఒండ్రును పట్టును. చెట్ల వేళ్లు దానిని బిగించును. లంకలు సాధారణముగా ప్రవాహపు దిశలోనే పొడవుగా సాగియుండుట విద్యార్థులు గమనింపదగినది.

ఇక నిలకడ నీటిపై పడవకు ప్రమాదము లేదనుకొనుట పొరపాటు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము ఫెర్రీ వద్ద విహారనౌక బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. పడవకు అనుమతి లేదు, జనము పరిమితిని మించిరి. బరువు హెచ్చినకొలది పడవ అంచు నీటికి దగ్గరగును. జనము లేచి నిలిచినచో గరిమనాభి పైకి పోవును. అందరు ఒకే వైపునకు జరిగినచో కొద్దిపాటి ఒరుగుడే చాలును.

వరదలో నది స్వభావమే మారును. 2024 సెప్టెంబరు 1, 2 తేదీలలో బ్యారేజి వద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. సగటు లోతు 25 అడుగులు అనుకొన్నను వేగము సెకనుకు 11 అడుగులు దాటును. అనగా గంటకు సుమారు 12 కిలోమీటర్లు. ముందు చెప్పిన దానికి ఇది 46 రెట్లు. నీటి తాకిడి వేగవర్గముననుసరించి పెరుగును గనుక ఎదురుపడిన వస్తువుపై ఒత్తిడి రెండువేల రెట్లకు పైగా హెచ్చును. ఆ దినములలో ద్వీపము మునిగిపోయినది. ఎగువనుండి కొట్టుకొని వచ్చిన పడవలు బ్యారేజిని ఢీకొనగా గేట్ల బరువుదిమ్మలు దెబ్బతినినవి.

పూర్వము వరద కోసిన దానిని వరదయే ఇసుకతో కొంత పూడ్చుచుండెడిది. నేడు శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల జలాశయములలో ఒండ్రు చాలవరకు దిగిపోవుచున్నది. అందుచే ద్వీపపు గట్టున కోతపడిన చోట ఇదివరకటివలె క్రొత్త మేట పడుట తగ్గినది; అచ్చట నేలను పట్టియుంచు భారము ఎక్కువగా చెట్ల వేళ్లపైననే పడినది.