పాత ఫోర్ వీల్ జీప్ కొనే ముందు ఇవి చూసుకోండి

జీవామృతం డ్రమ్ములు మోసే మన పాత మహీంద్రా ఎంఎం540 చూసి "మేమూ ఒకటి కొని బాగు చేయించుకుంటాం, ఏం చూడాలన్నా?" అని చాలామంది అడుగుతున్నారు.

ముందు బండి కాదు, ఆర్‌సీ చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ కలవాలి. సొంత బండికి 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చేయించి రెన్యూవల్ చేసుకోవాలి, అది మళ్లీ 5 ఏళ్లకే. ఇంజిన్ మార్చి ఆర్‌సీలో ఎక్కించకపోతే అక్కడే ఇరుక్కుంటారు.

తర్వాత బండి కిందకి దూరండి. రంగు చూసి నేను మోసపోయాను. కమాన్ పట్టీలు బిగించే చోట ఛాసిస్ తుప్పు తినేస్తే, పుట్టీ పెట్టి నల్లరంగు కొట్టేశారు. సుత్తితో తట్టి ఉంటే తెలిసేది. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పుది మొద్దుగా పలుకుతుంది. ఆ వెల్డింగ్ ఖర్చుతో ఇంకో ఆవు వచ్చేది!

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉందంటే అనుమానించండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుస్సున తన్నిందా, బోరు పని ఉన్నట్టే.

ఇక అసలు సంగతి ఫోర్ వీల్. కొన్నిటికి ముందు జాయింట్ షాఫ్ట్ తీసేసి ఉంటారు. లివర్ ఉంటుంది, పని ఉండదు. ఇంజిన్ ఆపి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, లివర్ ఫోర్‌లో వేయండి. హబ్ లాకులు ఉంటే అవీ వేయండి. ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పండి. గిర్రున తిరిగితే ముందు చక్రాలకి పవర్ వెళ్లడం లేదు. ఎలా చేయాలో కింద వీడియోలో చూపించాను.