మాలిష్ మంచిదే... మెడ మాత్రం భద్రం!

వెండితెర మీద మాలిష్ అంటే పాత సినిమాల అభిమానులకు ముందుగా గుర్తొచ్చేది జానీవాకరే! 1957లో గురుదత్ తీసిన 'ప్యాసా'లో తలమర్దన చేసేవాడిగా ఆయన కడుపుబ్బ నవ్వించాడు. ఎస్.డి. బర్మన్ బాణీ, రఫీ గొంతు ఆ పాటను చిరంజీవిని చేశాయి. అయితే తెరమీద నవ్వులు పూయించిన ఈ మాలిష్ వెనక బోలెడంత చరిత్ర ఉంది సుమా!

చరకసంహిత దీన్ని 'అభ్యంగం' అంది. నూనె పట్టించిన ఒంటిని కందెన వేసిన ఇరుసుతో పోల్చింది. ఇక పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన 1814లో ఇంగ్లండులోని బ్రైటన్ చేరి ఆవిరిస్నానాలు, మాలిష్ మొదలుపెట్టాడు. ఏకంగా నాలుగో జార్జి రాజుగారికే ఒళ్ళు పట్టే నిపుణుడయ్యాడు! మనం తలకు రుద్దుకునే 'షాంపూ' కూడా, ఒత్తమని అర్థమిచ్చే హిందీ మాట 'చాంపో' నుంచి వచ్చిందే.

రాజులదాకా ఎందుకు? మన పాలమూరు సంగతే చూడండి. 2016లో పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కష్టజీవుల సీమలు. గద్వాల చీరకు నూలు ఒళ్ళు, పట్టు అంచు. ఆ రెంటినీ పోగు పోగునా కలపాలంటే నేతగాడు మగ్గం ముందు గంటల తరబడి వంగి కూర్చోవాలి. చీర కట్టినవారికి అందం, నేసినవారికి నడుంనొప్పి! వేరుశనగ చేలల్లో వంగేవారికీ, వలసపోయి మట్టి మోసే పాలమూరు కూలీలకూ అంతే. వీళ్ళకు మాలిష్ విలాసం కాదు, రేపు మళ్ళీ పనిలోకి వెళ్ళడానికి కావలసిన ఓపిక.

మర్దనతో బిగిసిన కండరాలు వదులవుతాయి, నొప్పి కొన్నాళ్ళు తగ్గుతుంది, నిద్ర పడుతుంది. అంతేగాని జరిగిన డిస్కు చోటుకు రాదు. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యకపోతే నొప్పి మళ్ళీ హాజరు!

పసివాళ్ళ మాటేమిటంటారా? 1986లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు మెత్తగా ఒళ్ళు నిమిరితే, మిగతావారికంటే 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. అదంతా ఆసుపత్రిలో, వైద్యుల కళ్ళముందు జరిగిన పని. ఇంట్లో నీళ్ళు పోసేటప్పుడు బిడ్డ ముక్కులో, చెవిలో నూనె పొయ్యడం మాత్రం ప్రమాదం.

ఇక అసలు హెచ్చరిక! క్షవరం అయ్యాక 'కటుక్కు'మని మెడ విరిపించుకోవడం చాలామందికి సరదా. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు ఆ మెడలోనే ఉన్నాయి. అవి చిట్లితే పక్షవాతమే. 2022లో హైదరాబాదులో ఒక మహిళ పార్లర్లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుండగానే స్ట్రోక్ వచ్చిందని వైద్యులు చెప్పారు.

ఒక కాలే వాచి నొప్పి పుడుతుంటే ఒత్తించకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. జ్వరం, పుండు, విరిగిన ఎముక ఉన్నా అంతే. ముందు డాక్టరు, తర్వాతే నూనె గిన్నె!

కనుక అయ్యలారా, అమ్మలారా! తల అప్పగించండి, వీపు అప్పగించండి. మెడ మాత్రం ఎవరికీ అప్పగించకండి!